గార ఒకటి కాదు, మూడు: పళ్ళ రంగు గురించి అందరికీ వచ్చే ప్రశ్నలు

మా పిన్ని కూతురు పుట్టి పెరిగింది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చిన రెండేళ్ళలో మూడుసార్లు పళ్ళు క్లీనింగ్ చేయించుకుంది. మూడుసార్లూ ముందు పళ్ళ మీది గోధుమ రంగు మచ్చలు అలాగే ఉండిపోయాయి. "ఎంత తోమినా ఈ గార పోవడం లేదక్కా" అని బాధపడేది. ఫొటో తీస్తుంటే పెదాలు మూసుకుని నవ్వడం అలవాటు చేసుకుంది. నాలుగోసారి నేనూ వెంట వెళ్ళాను. డాక్టరమ్మ దాని నోరు చూసి, చేతికి అద్దం ఇచ్చి చెప్పిన మొదటి మాట ఇది: "ఇది తోమితే పోయే గార కాదమ్మా. పన్ను మీద లేదు, పన్నులోనే ఉంది."

మన వాడుకలో గార అనే ఒక్క మాట మూడు వేర్వేరు సంగతులకు చెల్లుతుంది. పాచి పేరుకుని రాయిలా గట్టిపడితే గార. టీ, వక్క, పొగాకు పన్నుకు ఎక్కించే రంగూ గారే. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళలో కనిపించే మచ్చలనూ గారపళ్ళనే అంటారు. మొదటిది క్లీనింగ్‌తో పోతుంది. రెండోది కొంత క్లీనింగ్‌తో, కొంత రంగు తీసే మందుతో పోతుంది. మూడోది ఎన్ని క్లీనింగులు చేసినా కదలదు. పళ్ళ చికిత్సల మీద, ముఖ్యంగా అందం కోసం చేసే వాటి మీద, మనకున్న అయోమయంలో సగం ఇక్కడే పుడుతోందని నాకు అనిపిస్తుంది. మరక ఎలా పోతుందని అడుగుతున్నాం గానీ, అది ఏ పొరలో ఉందని అడగడం లేదు.

పన్ను అసలు రంగు ఏమిటి?

పన్నును నిలువుగా కోసి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైన ఉండేది ఎనామిల్. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాని కింద డెంటిన్, ఎముకలాంటి పొర. అన్నిటికన్నా లోపల పల్ప్, అంటే నరాలూ రక్తనాళాలూ ఉండే మెత్తని గుజ్జు.

ఎనామిల్ సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండదు. పాలగాజులా వెలుతురును కొంత లోపలికి పోనిస్తుంది. డెంటిన్ సహజంగానే లేత పసుపు రంగులో ఉంటుంది కాబట్టి ఆ పసుపు పైకి తెలుస్తుంది. కాస్త పచ్చగా కనిపించే పన్ను జబ్బు పన్ను కాదు. మల్లెపువ్వులా తెల్లగా ఉన్న పన్నుకు పక్క సందులో పుప్పి ఉండకూడదని కూడా ఏమీ లేదు. రంగు ఒక లెక్క, ఆరోగ్యం మరో లెక్క.

ఏడెనిమిదేళ్ళ పిల్లల తల్లిదండ్రులు తరచూ కంగారుపడే ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. "పాలపళ్ళు అంత తెల్లగా ఉన్నాయి, కొత్తగా వచ్చినవి ఇలా పచ్చగా ఉన్నాయేమిటి?" శాశ్వత దంతాల్లో డెంటిన్ మందంగా ఉంటుంది, వాటి రంగే అది. పక్కనే పాలపళ్ళు ఉండటం వల్ల తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాలపళ్ళన్నీ ఊడాక పోల్చి చూడటానికి ఏమీ ఉండదు, కంగారూ ఉండదు. వయసు పైబడిన వాళ్ళ పళ్ళు పచ్చబడటానికీ కారణం ఇలాంటిదే: పైన ఎనామిల్ అరుగుతూ వస్తుంది, లోపల డెంటిన్ పెరుగుతూ వస్తుంది.

ఇంకొక్క సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ముందు ముందు చాలాసార్లు పనికొస్తుంది. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. తెగిన చర్మం మళ్ళీ కలుస్తుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది, పోయిన ఎనామిల్ మాత్రం మళ్ళీ పెరగదు.

రాయిలాంటి గార: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయా?

పంటి మీద ఎప్పటికప్పుడు చేరే సూక్ష్మజీవుల జిగురు పొర పాచి. దాన్ని అలా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. కింది ముందు పళ్ళ లోపలి వైపు నాలుకతో తడిమితే చాలామందికి గరుకుగా తగిలేది అదే. అక్కడే ఎందుకంటే, నాలుక కింద లాలాజలం ఊరే గొట్టాలు తెరుచుకునేది సరిగ్గా ఆ పళ్ళ వెనుకే.

గట్టిపడిన గారను బ్రష్షు తీయలేదు. దానికోసమే స్కేలింగ్, మనం క్లీనింగ్ అనేది. ఆ పరికరం కొన సెకనుకు 20 వేలకు పైగా కంపనాలతో గారను పగలగొడుతుంది, వెంట నీళ్ళు చిమ్ముతూ ఉంటుంది. కొత్తగా చేయించుకున్న వాళ్ళు దాదాపు అందరూ చెప్పే ఫిర్యాదులు మూడు: పళ్ళు కదిలాయి, సందులు పడ్డాయి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటున్నాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఈ మూడూ చెప్పి క్లీనింగే వద్దనేవాళ్ళు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే తప్పు.

అసలు జరిగేది ఇది. ఏళ్ళ తరబడి గార పేరుకున్న చోట చిగురు వాచి, లోపలి ఎముక నెమ్మదిగా కరుగుతుంది. పన్ను అప్పటికే వదులై ఉంటుంది. పక్కపక్క పళ్ళ మధ్య గట్టిపడిన గార వాటిని ఇటుకల మధ్య సున్నంలా పట్టి ఉంచుతుంది. గోడకు వేసే సున్నపు గారకూ ఇదే పేరు ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ పట్టు తీసేసరికి దాగి ఉన్న కదలిక బయటపడుతుంది. సందులూ అంతే, ఇన్నాళ్ళూ గార నిండి ఉన్న ఖాళీలే అవి. జివ్వుమనడం మాత్రం కొత్తదే. కప్పుకుని ఉన్న వేరు భాగం బయటపడటం వల్ల వస్తుంది, సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

మరి ఆరు నెలలకోసారి అందరికీ క్లీనింగ్ కావాలా? ఇక్కడ వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. చికిత్సల ఆధారాలను వడపోసే కోక్రేన్ సంస్థ 2018లో ఈ ప్రశ్నను పరిశీలించింది. చిగుళ్ళ జబ్బు ముదరని, క్రమం తప్పకుండా దంతవైద్యుడి దగ్గరకు వెళ్ళే పెద్దవాళ్ళలో ఆరు నెలలకోసారి చేయించుకున్నా, ఏడాదికోసారి చేయించుకున్నా, అసలు చేయించుకోకపోయినా, రెండు మూడేళ్ళలో చిగుళ్ళ ఆరోగ్యంలో పెద్ద తేడా కనపడలేదని తేల్చింది. దీన్ని పట్టుకుని క్లీనింగ్ వృథా అనేవాళ్ళు ఉన్నారు. కానీ ఆ అధ్యయనాలు జరిగింది బ్రిటన్‌లో, క్రమంగా పరీక్షలు చేయించుకునే వాళ్ళ మీద. నొప్పి వస్తే తప్ప పళ్ళ డాక్టరు గడప తొక్కని మన ఇళ్ళకు దాన్ని యథాతథంగా అన్వయించలేం. మధుమేహం ఉన్నవాళ్ళ సంగతి మరీ వేరు. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే చక్కెర అదుపు తప్పుతుంది.

పన్నులోపలి గార: ఫ్లోరైడ్ చేసే పని

ఇప్పుడు మా చెల్లి పళ్ళ సంగతి. ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా పోవడం వల్ల పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. భారతదేశంలో దాన్ని మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల వాళ్ళకూ, నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్ళకూ ఈ మాటను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. గ్రానైట్ లాంటి రాళ్ళలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది, బోరు లోతు పెరిగినకొద్దీ చాలాచోట్ల దాని మోతాదూ పెరుగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు సమ్మతం, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే ఉంది.

పళ్ళ మీద దీని ప్రభావం ఒకే కాలంలో పడుతుంది: దవడ లోపల శాశ్వత దంతాల ఎనామిల్ తయారవుతున్నప్పుడు. అంటే పుట్టిన దగ్గర్నుంచి సుమారు ఎనిమిదేళ్ళ వరకు. పై ముందు పళ్ళకైతే పుట్టాక రెండో, మూడో ఏడు మరీ కీలకం. ఎనామిల్ గట్టిపడేటప్పుడు అందులోని ప్రోటీన్ వైదొలగి, ఆ చోటులో ఖనిజం నిండాలి. ఫ్లోరైడ్ మోతాదు మించితే ఈ పని సరిగ్గా సాగదు. పైపొర కింద కంటికి కనపడని సూక్ష్మ రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను బయటికి వచ్చాక వెలుతురు ఆ రంధ్రాల్లో చెదిరి సుద్దముక్కలాంటి తెలుపు కనిపిస్తుంది.

గోధుమ రంగు ఎక్కడిది మరి? అది ఫ్లోరైడ్ రంగు కాదు. పన్ను వచ్చాక తిన్నవీ తాగినవీ ఆ రంధ్రాల్లోకి ఇంకి మెల్లగా ఎక్కిన రంగు. అందుకే ఫ్లోరోసిస్ ఉన్న పిల్లల్లో పన్ను మొదట తెల్లని మచ్చలతో వచ్చి, తర్వాత గోధుమ రంగుకు తిరగడం చూస్తాం.

డాక్టరమ్మ ఒక చిన్న పని చేసి ఈ సంగతి కళ్ళకు కట్టింది. గాలి గొట్టంతో పన్నును ఆరబెట్టింది. అంతవరకు లేతగా ఉన్న తెల్లని చారలు క్షణాల్లో చిక్కబడ్డాయి. పంటికి అడ్డంగా, ఒకదాని కింద ఒకటి, కుడి పన్నుకు ఎలా ఉన్నాయో ఎడమ పన్నుకూ అలాగే. నాలుకతో తడపమంది, మళ్ళీ మసకబడ్డాయి. కాగితం మీద నూనె చుక్క పడితే ఆ చోటు అవతలి వెలుగు కనిపించేంత పలచగా అవుతుంది కదా, అదే లెక్క. రంధ్రాల్లో గాలి ఉంటే వెలుతురు ఎక్కువ చెదురుతుంది, తడి ఉంటే తక్కువ చెదురుతుంది. ఆ జంట పోలిక కూడా ముఖ్యమే. ఫ్లోరోసిస్ ఒకే కాలంలో తయారైన పళ్ళన్నిటినీ తాకుతుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఒక్క పంటి మీదే మచ్చ ఉంటే కారణం వేరు కావచ్చు: పుప్పి మొదలవడమో, చిన్నప్పుడు తగిలిన దెబ్బో.

ఫ్లోరైడ్ టూత్‌పేస్టు వాడాలా, మానాలా?

ఫ్లోరోసిస్ ఊళ్ళలో పెరిగినవాళ్ళు ఫ్లోరైడ్ అనే మాట ఉన్న ట్యూబు చూస్తేనే వెనక్కి పెట్టేస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. లెక్క వేసి చూద్దాం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి 1000 పీపీఎం, అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము. పిల్లవాడు దాన్ని మొత్తం మింగేసినా లోపలికి పోయేది 0.25 మిల్లీగ్రాము. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు రోజుకు ఒకటిన్నర లీటరు తాగితే పోయేది 4.5 మిల్లీగ్రాములు, పద్దెనిమిది రెట్లు. అసలు దోషి ఎవరో ఈ అంకెలే చెబుతాయి. అయినా ఆ నీళ్ళకు తోడు రోజుకు రెండుసార్లు పేస్టు కూడా మింగితే మోతాదు ఇంకా పెరుగుతుందన్నది నిజమే. అందుకే మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత అనే కొలతలు వచ్చాయి. పళ్ళన్నీ తయారైపోయిన పెద్దవాళ్ళకు పేస్టుతో గారపళ్ళు రావు, రావడానికి ఆ కాలం దాటిపోయింది. పంటి పైపొర మీద ఫ్లోరైడ్ పుప్పిని అడ్డుకునే పని మాత్రం ఏ వయసులోనైనా చేస్తుంది.

అమెరికాలోని మన కుటుంబాలకు ఈ అయోమయం మరో రూపంలో ఎదురవుతోంది. అక్కడ 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌తో మొదలుపెట్టి తాగునీటిలో ఫ్లోరైడ్ కలుపుతున్నారు. ఇప్పుడు సిఫారసు చేస్తున్న మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. లీటరుకు 1.5 దాటిన చోట పిల్లల తెలివితేటల సూచీ తగ్గడంతో సంబంధం కనిపిస్తోందని అక్కడి ప్రభుత్వ సంస్థ 2024లో నివేదిక ఇచ్చింది, 0.7 దగ్గర అలా తేల్చలేదు. 2025లో యూటా రాష్ట్రం ఫ్లోరైడ్ కలపడాన్నే నిషేధించింది. కలపాలనేవాళ్ళు పేద పిల్లల పుప్పిపళ్ళను చూపిస్తున్నారు. వద్దనేవాళ్ళు పేస్టు అందరికీ దొరికే ఈ రోజుల్లో నీళ్ళలో అవసరం లేదంటున్నారు, మందు లాంటిదాన్ని అడగకుండా తాగించడం తగదంటున్నారు. మన దగ్గర సమస్య తలకిందులు. కలపడం కాదు, ఉన్నదాన్ని తీయడమే మన పని. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. ఒక జిల్లా పేరు ప్రపంచమంతటా నీటి ఇంజినీర్ల నోట నిలిచిపోయింది, అది ఆ జిల్లా పిల్లల పళ్ళూ ఎముకలూ పెట్టిన ఖర్చుతో.

పళ్ళు తెల్లబరిస్తే ఎనామిల్ పాడవుతుందా?

తెల్లబరిచే చికిత్సలో వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా నోట్లో దాన్ని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. ఇది పన్నును గీకదు. ఎనామిల్ గుండా లోపలికి పోయి రంగునిచ్చే పదార్థాల బంధాలను విడగొడుతుంది. మందు గాఢతను చూస్తే ఇంటికీ ఆస్పత్రికీ తేడా తెలుస్తుంది. పంటి అచ్చుతో చేసిన పల్చని తొడుగులో వేసి రాత్రి పెట్టుకునేది సాధారణంగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్, దానిలోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. ఆస్పత్రిలో గంటసేపు పెట్టేది 40 శాతం దాకా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 6 శాతానికి మించి వాడటాన్నే 2012 నుంచి ఆపేసింది, 18 ఏళ్ళలోపు వాళ్ళకు వద్దంది. నీలి దీపం వేసి చేసే పద్ధతి వల్ల చివరికి వచ్చే తెలుపు ఎక్కువ కాలం నిలుస్తుందన్నదానికి గట్టి ఆధారాలు లేవు.

సరిగ్గా చేస్తే ఎనామిల్‌కు శాశ్వత నష్టం ఉండదనేది ఎక్కువమంది దంతవైద్యుల మాట. జివ్వుమనడం చాలామందికి వస్తుంది, తగ్గిపోతుంది. మళ్ళీ మళ్ళీ, ఎవరి పర్యవేక్షణా లేకుండా వాడితే మాత్రం పైపొర గరుకుబారడం, చిగురు కాలడం నిజమైన ప్రమాదాలే. ఫలితం శాశ్వతం కూడా కాదు. టీ, కాఫీ అలవాట్లను బట్టి కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్ళ వరకు నిలుస్తుంది. ముఖ్యంగా, ఈ మందు సొంత పన్ను మీదే పనిచేస్తుంది. సిమెంటు నింపిన చోటూ, క్యాపు వేసిన పన్నూ ఉన్న రంగులోనే ఉండిపోతాయి. ముందు పళ్ళలో ఒక క్యాపు ఉన్నవాళ్ళు మిగతా పళ్ళను తెల్లబరిస్తే ఆ ఒక్కటీ పచ్చగా ఎత్తి చూపినట్టవుతుంది.

ఆరిన పన్ను తడి పన్నుకన్నా తెల్లగా కనిపిస్తుందని పైన చెప్పుకున్నాం. గంటసేపు నోరు తెరిచి చేసిన చికిత్స తర్వాత ఆస్పత్రి అద్దంలో కనిపించే తెలుపులో కొంత భాగం ఆరిపోవడం వల్ల వచ్చిందే. లాలాజలం మళ్ళీ ఇంకాక, మర్నాటికి, అసలు రంగు తెలుస్తుంది. రంగు కొలిచే పట్టీ పింగాణీ పళ్ళ వరుసలా ఉంటుంది. ఎక్కువగా వాడే పట్టీలో 16 ఛాయలు, ఎ, బి, సి, డి అని నాలుగు కుటుంబాలు. డాక్టరమ్మ నోరు ఆరకముందే, కిటికీ వెలుతురులో, ఒక్కో ముక్కనూ మా చెల్లి పన్ను పక్కన పెట్టి చూసింది. ఎ కుటుంబంలో మూడో ఛాయ దగ్గర ఆగింది. "ఇది మచ్చ లేని చోట నీ పన్ను రంగు. ఇది మామూలు రంగు" అంది.

ఇక నిమ్మరసం, బొగ్గుపొడి సంగతి. కచ్చికతో, బొగ్గుతో తోముకున్న తరం మనది. పైపై మరకలను గరుకు పొడి గీకేస్తుంది, ఆ మేరకు తెలుపు నిజమే. గీకినప్పుడు ఎనామిల్ కూడా పోతుంది, కింది పసుపు ఇంకా తెలుస్తుంది. తెలుపు కోసం తోమినకొద్దీ పచ్చబడుతుందన్నమాట. నిమ్మరసం ఇంకా చెడ్డది. ఎనామిల్ కరగడం మొదలయ్యే ఆమ్లత్వం పీహెచ్ 5.5 చుట్టుపక్కల ఉంటే, నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. పచ్చి మామిడికాయ తిన్నాక పళ్ళు పులిసిపోవడం అందరికీ అనుభవమే.

ఒక్క పన్నే నల్లబడితే

చిన్నప్పుడు పడి దెబ్బ తగిలిన ముందు పన్ను ఏళ్ళ తర్వాత బూడిద రంగుకు తిరగడం చాలామందిలో చూస్తాం. ఈ రంగు పైనుంచి వచ్చింది కాదు, చాలావరకు లోపలి పల్ప్ చనిపోవడం వల్ల వచ్చింది. ఇలాంటి పన్నుకు రూట్ కెనాల్ అవసరమా కాదా అన్నది ముందు తేలాలి, రంగు మాట ఆ తర్వాతే. రూట్ కెనాల్ చేశాక లోపలి నుంచే మందు పెట్టి తెల్లబరచవచ్చు.

వెనీర్ వేరు, క్యాపు వేరు

ఈ మధ్య పెళ్ళిళ్ళకు ముందు వినిపించే మాట స్మైల్ డిజైన్. అందులో ఎక్కువగా ఉండేవి వెనీర్లు. వెనీర్ అంటే పంటి ముందు వైపు మాత్రమే అతికించే పల్చని పింగాణీ రేకు, మందం సుమారు అర మిల్లీమీటరు. క్యాపు పన్ను మొత్తానికీ తొడిగే టోపీ. రెండూ అద్దంలో ఒకేలా కనిపిస్తాయి. వాటి కింద మిగిలే పన్ను మాత్రం ఒకటి కాదు. 2002లో వచ్చిన ఒక అధ్యయనం ముందు పళ్ళను తూచి చూసింది. వెనీర్ కోసం పైకి కనిపించే పన్నులో 3 నుంచి 30 శాతం వరకు తీస్తే, పూర్తి క్యాపు కోసం 63 నుంచి 72 శాతం వరకు తీయవలసి వచ్చింది. సెలవులకు టర్కీ వెళ్ళి తక్కువ ఖర్చుతో పళ్ళు మార్చుకొచ్చిన బ్రిటన్ యువకుల గురించి అక్కడి దంతవైద్యులు మొత్తుకున్నది దీని గురించే. వెనీర్లనుకుని వేయించుకున్నవాటిలో చాలా వరకు క్యాపులని తేలింది, కింద మిగిలినవి మేకుల్లాంటి మొండి పళ్ళు.

ఒక లెక్క చూద్దాం. 25 ఏళ్ళ అమ్మాయి పది వెనీర్లు వేయించుకుంది. మంచి వెనీర్లు పది పదిహేనేళ్ళు నిలుస్తాయి, కొన్ని ఇంకా ఎక్కువ. సగటున పదిహేనేళ్ళనుకుంటే 40కి ఒకసారి, 55కి ఒకసారి, 70కి మరోసారి మార్చాలి. మొదట పది అనుకున్నవి జీవితకాలంలో నలభై అవుతాయి. మార్చిన ప్రతిసారీ ఇంకాస్త పన్ను పోయే అవకాశం ఉంది. వెనీర్లను సమర్థించే వైద్యులు కూడా ఈ లెక్కను కాదనరు. వాళ్ళు అనేది వేరు: ముఖం దాచుకుని బతికే మనిషికి ఆ పదిహేనేళ్ళ విలువ ఎంతో అద్దం ముందు నిలబడేవాళ్ళకే తెలుసు. ఫ్లోరోసిస్ ముదిరి ఎనామిల్ పెచ్చులూడుతున్న పళ్ళకు ఇంతకన్నా మంచి దారి ఉండకపోవచ్చు కూడా. నాకు ఈ మాటలో న్యాయం కనిపిస్తుంది. కానీ మచ్చ లేని, పుప్పి లేని ఇరవై ఏళ్ళ పళ్ళను కేవలం మరో రెండు ఛాయల తెలుపు కోసం అరగదీయడం మనసుకు ఒప్పదు. వంకరగా ఉన్నాయనుకుంటే క్లిప్పులు ఉన్నాయి, ఏడాదిన్నర రెండేళ్ళు పట్టినా సొంత పన్ను అలాగే మిగులుతుంది.

మన దేశంలో కాస్మెటిక్ డెంటిస్ట్రీ అనే పేరుతో గుర్తింపు పొందిన ఎం.డి.ఎస్. (దంతవైద్యంలో పీజీ) విభాగం ప్రత్యేకంగా లేదు. ఈ పనులను ప్రధానంగా నేర్పేది ప్రోస్తోడాంటిక్స్ (కట్టుడు పళ్ళు, క్యాపులు), కన్సర్వేటివ్ (ఉన్న పన్నును బాగుచేయడం) విభాగాల్లో, క్లిప్పుల పని ఆర్థోడాంటిక్స్‌లో. బోర్డు మీద కాస్మెటిక్ అని ఉంటే అది పని పేరు, పట్టా పేరు కాదు.

మత్తు సూది, కంటి చూపు

పై పన్ను పీకితే చూపు పోతుందనే భయం ఇప్పటికీ బలంగానే ఉంది. ముఖానికి స్పర్శనిచ్చే నరానికి మూడు కొమ్మలు ఉంటాయి. ఒకటి కన్ను, నుదురు వైపు, రెండోది పై దవడకు, మూడోది కింది దవడకు. చూపునిచ్చే నరం వీటికి సంబంధం లేకుండా వేరుగా మెదడుకు పోతుంది. పై పన్ను నొప్పి కంటి వైపు లాగడానికి కారణం ఇరుగుపొరుగు కొమ్మలే. పై దవడ వెనుక భాగంలో మత్తు సూది ఇచ్చినప్పుడు మందు కంటి కండరాల వైపు పాకి కాసేపు ఒకటి రెండుగా కనిపించిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. అవి చాలా అరుదు, మత్తు దిగగానే పోతాయి.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నవ్వు తీరు మార్చుకునే చికిత్సకు వెళ్ళిన ఒక యువకుడు మరణించాడు. మత్తుమందు ఎక్కువైందని కుటుంబం ఆరోపించింది. ఆ వార్త తర్వాత మత్తు సూది అంటేనే భయపడేవాళ్ళు పెరిగారు. ఇక్కడ రెండు రకాల మత్తును విడదీసి చూడాలి. పన్ను చుట్టూ మాత్రమే తిమ్మిరెక్కించేది ఒకటి, మనిషిని మగతలోకి పంపేది ఇంకొకటి. మొదటిదానికి ఎక్కువగా వాడే లిగ్నోకైన్ 2 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. జాగ్రత్తగా గీసిన గీత ప్రకారం కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు దాటకూడదు. 60 కిలోల మనిషికి 264 మిల్లీగ్రాములు, అంటే సుమారు 13 మిల్లీలీటర్లు. ఒక పన్నుకు ఇచ్చేది సాధారణంగా 2 మిల్లీలీటర్లు. ఒకటి రెండు పళ్ళ పనిలో ఈ గీత చాలా దూరంగా ఉంటుంది. ఒకే పూటలో నోరంతా పని పెట్టుకుంటే దగ్గరవుతుంది. మగత మత్తుకైతే నాడి, రక్తంలోని ఆక్సిజన్‌ను కనిపెట్టి చూసే పరికరాలూ, దాని కోసమే శిక్షణ పొందిన మనిషీ పక్కన ఉండాలి.

మా చెల్లి ఏం చేయించుకుందంటే

డాక్టరమ్మ దాని ముందు అన్ని దారులూ పరిచింది. వెనీర్లు కూడా చెప్పింది, చివర్లో చెప్పింది. ముందు ఆమ్లం కలిపిన ప్యూమిస్ అనే రాతిపొడి ముద్దతో గోధుమ రంగున్న పైపొరను అతి పలచగా తీసింది. మూడు వారాలు రాత్రిపూట తొడుగులో మందు. మొదటి వారంలో తెల్లని మచ్చలు ఇంకా ఎక్కువై దడుచుకుంది. చుట్టూ పన్ను తెల్లబడితే కలిసిపోతాయని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండటం వల్ల ఓపిక పట్టింది. తర్వాత రెండు వారాలు ఏమీ చేయలేదు. మందు వదిలిన ఆక్సిజన్ పన్నులోంచి పోకముందు ఏది అతికించినా నిలవదు కాబట్టి. ఆ పైన రెండు పళ్ళ రంధ్రాల్లోకి రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి ద్రవాన్ని ఇంకించి దీపంతో గట్టిపరిచింది. నూనె కాగితం సూత్రమే, ఈసారి ఆరిపోని నూనె.

గోధుమ రంగు పోయింది. తెల్ల చారలు పూర్తిగా పోలేదు. ఫోనులో గంటసేపు మాట్లాడి నోరు ఆరినప్పుడు పక్క పళ్ళ మీద రెండు సన్నని గీతలు తేలతాయి. అప్పుడు గ్లాసెడు నీళ్ళు తాగుతుంది, అవి మసకబడతాయి. మొన్న సంక్రాంతికి మర్రిగూడ నుంచి పంపిన ఫొటోలో పళ్ళు కనిపించేలా నవ్వింది.